‘పని సంతృప్తికరం’: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నేను ఓ జిల్లా ఆస్పత్రి ఆఫీసులో పనిచేసి రిటైరైన గుమాస్తాని. డాక్టర్ని కాను, ఇంజినీరునీ కాను. సర్వీసు చివరి ఏళ్లలో నాకు అప్పగించిన సీటు అవుట్‌సోర్సింగ్ బిల్లులది. శానిటేషన్, సెక్యూరిటీ, పేషెంట్ కేర్, అప్పుడప్పుడు లిఫ్టూ జనరేటరూ. నెల తిరగ్గానే కాంట్రాక్టరు మనిషి బిల్లూ మస్టరూ పట్టుకొచ్చేవాడు. బిల్లు వెనక ‘పని సంతృప్తికరంగా జరిగినది’ అని రాసి, సూపరింటెండెంట్ గారి సంతకానికి పెట్టాలి. ఆ వాక్యం పడందే ట్రెజరీలో బిల్లు కదలదు. రాసీ రాసీ విసుగొచ్చి ఓ రోజు బస్టాండు దగ్గరి షాపులో రబ్బరు స్టాంపు చేయించుకున్నాను. సంతృప్తి అప్పట్నుంచి నా సొరుగులోనే ఉండేది.

ఒక్క నెల మాత్రం ఆ స్టాంపు వేయలేదు. ఎందుకో మనసొప్పక మూడు రాత్రులు వార్డులన్నీ తిరిగి లెక్కపెట్టాను. మస్టర్లో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. నా కంటికి ఇరవై ఆరుగురికి మించి కనబడలేదు. అదే బిల్లు వెనక రాసి పంపాను. సూపరింటెండెంట్ గారు మంచి సర్జన్, మంచి మనిషి. నన్ను పిలిచి కూర్చోబెట్టి చెప్పారు: “పన్నెండు మందికి కోత పెడదాం. కాంట్రాక్టరు తన జేబులోంచి ఇస్తాడనుకుంటున్నావా?” అయినా కోత పడింది. మరుసటి నెల లేబర్ రూము దగ్గర ఊడ్చే ఆయమ్మ ఒకామె నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది. “సారూ, మీరు కోసిన పైసలు మా దాంట్లకెళ్లే పోయినయ్,” అంది. గొంతులో కోపం లేదు, ఫిర్యాదూ లేదు. నాకు తెలియదేమోనని చెప్పడానికి వచ్చినట్టుంది. ఆ తర్వాత నేను మళ్లీ స్టాంపే వేశాను, రిటైరయ్యే దాకా.

నేను పిరికివాణ్నని మీరనుకోవచ్చు, తప్పు లేదు. కానీ ఆ ఆయమ్మ చెప్పిన మాట చాలా ఏళ్లుగా నాలో తిరుగుతోంది. మన కాంట్రాక్టుల్లో పెనాల్టీ క్లాజులు పేజీల కొద్దీ ఉంటాయి. బాత్‌రూము కంపు కొడితే ఇంత, యూనిఫారం లేకపోతే ఇంత, మనిషి తగ్గితే ఇంత. అయితే ఆ దెబ్బ ఎవరి వీపు మీద పడాలో ఏ క్లాజూ చెప్పదు. చెప్పనప్పుడు అది కింద ఉన్నవాళ్ల మీదే పడుతుంది. ఎందుకు పడుతుందో తెలియాలంటే టెండరు పెట్టె తెరిచే రోజు ఆ గదిలో ఉండాలి.

మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టుల్లో జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ ముందే ఖరారై ఉంటాయి. వాటిని తగ్గించి కోట్ చేయకూడదు. ఏజెన్సీలు పోటీ పడగలిగేది ఒక్క సర్వీస్ చార్జీలోనే. తక్కువ కోట్ చేసినవాడు ఎల్-1, పని అతనిది. ఇంకేం, పోటీ పాతాళానికి దిగుతుంది. సున్నా కోట్ చేస్తే బిడ్ తిరస్కరించాలని కేంద్రం రూలు పెట్టింది. అందుకని పైసల్లో కోట్ చేసేవాళ్లు తయారయ్యారు. నెలనెలా లక్షల జీతాలు పంచే మనిషి తన కమీషను పైసల్లో అడుగుతుంటే, ఇతగాడు ఏం తిని బతుకుతాడని టెండరు కమిటీలో ఎవరూ అడగరు. అడిగితే ఆడిట్ వస్తుంది. ఎల్-1ని కాదని ఎల్-2కి ఎందుకిచ్చావంటే జవాబు చెప్పలేక ఉద్యోగం పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? ఎల్-1కి ఇచ్చి ఆస్పత్రి కంపు కొడితే ఏ ఆడిటరూ అడగడు.

దీనికి కేంద్ర ఆర్థిక శాఖ 2023లో ఒక విరుగుడు వేసింది. మ్యాన్‌పవర్ కాంట్రాక్టుల్లో సర్వీస్ చార్జీ 3.85 శాతానికి తగ్గరాదంది. మంచిదే. దాంతో ఏమైందంటే, అందరూ సరిగ్గా 3.85 దగ్గరే ఆగుతున్నారు. అందరూ ఎల్-1లే అయినప్పుడు ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కంప్యూటర్ లాటరీ తీసి ఒకణ్ని ఎంపిక చేస్తుంది. ఆస్పత్రి శుభ్రతకు లాటరీ! మా చిన్నప్పుడు ఊళ్లో చిట్టీ పాట పాడేవాళ్లు, పాట పాడినవాడు నమ్మకస్తుడా కాదా అని కనీసం పది మంది చూసేవాళ్లు. 2021 అక్టోబరులో ఇదే ఆర్థిక శాఖ, నాణ్యత ముఖ్యమైన పనుల్లో ధరతో పాటు నాణ్యతకూ 30 శాతం దాకా మార్కులు ఇవ్వొచ్చని దారి చూపింది. ఆ దారిన నడిచే ఆఫీసులు తక్కువ. మార్కులేస్తే ఎందుకేశావంటారు. ధర చూసి ఇస్తే ఎవరూ ఏమీ అనరు.

మంత్రి గారూ, ఇక్కడే నా అసలు మాట. కమీషన్ నామమాత్రమైనవాడికి పెనాల్టీ ఎక్కడ వేస్తారు? కోతకు అందేది ఏదైనా ఉంటేగా! బిల్లులో మిగిలేవి జీతాలూ ఫినాయిలూ. కాబట్టి కోత ఆ రెండింట్లోంచే పోతుంది. అతగాడి బతుకుతెరువూ ఆ రెండింట్లోంచే నడుస్తుంది. మస్టర్లో పన్నెండు మంది గాలి మనుషులు పుట్టేది అందుకే. బ్లీచింగ్ డబ్బాలో సగం సున్నం కలిసేదీ, పీఎఫ్ చలానాలో పేర్లు మారేదీ అందుకే. మనమే ఆ పని నేర్పి, దొంగని పట్టుకోలేకపోతున్నామని బాధపడుతున్నాం.

మన రాష్ట్రం సంగతికొస్తే, 2022లో ప్రభుత్వం ఒక మంచి అడుగు వేసింది. ఆస్పత్రుల్లో పారిశుద్ధ్యం, సెక్యూరిటీ, పేషెంట్ కేర్ కలిపి పడకకు నెలకు 5,000 రూపాయలు ఇస్తుండేది, దాన్ని 7,500 చేసింది. పెంచినందుకు అప్పటివాళ్లను మెచ్చుకోవలసిందే. అయితే ఓ వంద పడకల ఆస్పత్రికి లెక్కేయండి. ఇది నా లెక్క, ప్రభుత్వానిది కాదు. నెలకు ఏడున్నర లక్షలు. 2021 జూన్ నాటి జీవో 60 ప్రకారం అవుట్‌సోర్సింగ్‌లో అట్టడుగు కేటగిరీకి 15,600. యజమాని వాటా పీఎఫ్ 15,000 మీద 13 శాతం అంటే 1,950, ఈఎస్‌ఐ 3.25 శాతం అంటే 507. మొత్తం మనిషికి 18,057 పడుతుంది. ఫినాయిలు, యాసిడ్, చీపుర్లు, మాపులు, మెషీన్లు, యూనిఫారాలు, కాంట్రాక్టరు లాభం అన్నిటికీ కలిపి ఐదో వంతు పక్కన పెడితే ముప్పై ముగ్గురు వస్తారు. వారానికో సెలవు తీసేస్తే రోజుకు ఇరవై ఎనిమిది మంది. మూడు షిఫ్టులకు పంచితే షిఫ్టుకు తొమ్మిది మంది. ఈ తొమ్మిది మందే ఓపీ, క్యాజువాలిటీ, ఆపరేషన్ థియేటరు, లేబర్ రూము, వార్డులు, బాత్‌రూములు ఊడ్చి, స్ట్రెచర్లు తోసి, గేటు కూడా కాయాలి. ఇదంతా చట్టప్రకారం అణా పైసలతో చెల్లించే దేవుడిలాంటి కాంట్రాక్టరు దొరికినప్పటి సంగతి.

ఇంకొకటి. మనం పడకల లెక్కన ఇస్తున్నాం, పడకలు మంజూరైన లెక్కన ఉంటాయి. వానాకాలం జ్వరాలొచ్చినప్పుడు నేల మీద పరుపులేసి పడుకోబెడతాం. కాన్పుల వార్డులో ఒక్క మంచం మీద ఇద్దరు బాలింతల్ని నేనెన్నిసార్లు చూశానో చెప్పలేను. వాళ్లతో వచ్చిన తల్లులు, అత్తలు, పిల్లలు, కింద పరిచిన చద్దర్లు, టిఫిను డబ్బాలు, పెరుగన్నం పొట్లాలు, అన్నీ ఆ వంద పడకల లెక్కలోనే. నేల మీద పడుకున్న మనిషికి మన టెండరులో ఉనికి లేదు. ఆయన వదిలిన చెత్త ఎత్తినవాళ్లకు కూలీ లేదు.

స్ట్రెచర్ తోసినందుకు, మగబిడ్డ పుట్టినందుకు మా వాళ్లు చెయ్యి చాపుతారని పేపర్లలో వస్తుంది. నిజమే. నేను చూశాను, సిగ్గుపడ్డాను. దాన్ని సమర్థించను. పూటకు గతిలేని ఇంటివాళ్ల దగ్గర ఐదొందలు గుంజడం పాపమే. కానీ జీవో ప్రకారం 15,600 వచ్చినా తన వాటా పీఎఫ్, ఈఎస్‌ఐ పోను చేతికి దక్కేది 13,683. అది కూడా మూడు నెలలకోసారి, అదీ కోతలతో వస్తే, ఆ మనిషి చాపే చెయ్యి వెనక ఇంకో చెయ్యి కూడా ఉందని గుర్తుపెట్టుకోవాలి.

కాంట్రాక్టర్లందరూ దొంగలని నేననను. మా ఆస్పత్రికి ఒకాయన వచ్చాడు, రిటైర్డ్ మిలిటరీ మనిషి. మొదటి మూడు నెలలు ఆస్పత్రి అద్దంలా ఉంది. ఆయన తొలి బిల్లు ట్రెజరీలో టోకెన్ పడి ఐదు నెలలు కూర్చుంది. ఈలోగా అప్పు తెచ్చి జీతాలిచ్చాడు. వడ్డీ పెరిగింది. గడువు కాకముందే దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆయన తర్వాత వచ్చినవాడు బిల్లు ఎన్ని నెలలు ఆగినా కంగారుపడలేదు, ఎందుకంటే జీతాలూ అన్ని నెలలు ఆపేవాడు. మన ఆలస్యం మంచివాణ్ని వడకట్టి బయటికి పారబోసింది.

ఇక ఎలుకల సంగతి. మీకు ఇబ్బందైనా రాయక తప్పదు. 2015 ఆగస్టులో గుంటూరు జనరల్ ఆస్పత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయాడు. 2022 మార్చి ఆఖరులో మన వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి శ్వాసకోశ ఐసీయూలో స్పృహ లేకుండా ఉన్న రోగిని ఎలుకలు కొరికాయి. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుక ఎటునుంచి వచ్చిందో మాత్రం ఏ ఉత్తర్వులోనూ రాయరు. నేను చెబుతాను. ఎలుక డ్రైనేజీ పైపు చుట్టూ పూడ్చకుండా వదిలేసిన కంతలోంచి వస్తుంది. ఏసీ పైపు కోసం గోడకు కొట్టిన బొక్కలోంచి, ఫాల్స్ సీలింగ్ మీది నుంచి, మూత పగిలిన మ్యాన్‌హోల్ లోంచి వస్తుంది. చీపురు పట్టుకున్న ఆయమ్మ దాన్ని ఆపలేదు. మందు పెట్టే పెస్ట్ కంట్రోల్ వాడు కూడా, కంత మూయనంత కాలం, ఈ రాత్రి చంపిన ఎలుక స్థానంలో రేపు ఇంకోటి చూస్తాడు.

ఆ కంత మూయడం ఎవరి పని? శానిటేషన్ కాంట్రాక్టరుది కాదు, అతనికి సిమెంటు పట్టే పని లేదు. మా ఆఫీసు ఇంజినీరింగ్ విభాగానికి ఉత్తరం రాసేది. వాళ్లు ఎస్టిమేటు వేసి, మంజూరు కోసం పైకి పంపేవాళ్లు. తిరిగొచ్చేసరికి రేట్లు మారేవి, మళ్లీ ఎస్టిమేటు. మా ఆస్పత్రి డయాలసిస్ గది వెనక కారుతున్న ఒక పైపు మీద నేను డ్రాఫ్టు చేసిన ఉత్తరాలు పదకొండు. పైపు ఖరీదు మా బాయిలర్ ఆపరేటరు అంచనా ప్రకారం నాలుగు వేలు. పదకొండు ఉత్తరాల కాలంలో ఆ గోడ నాని, కరెంటు బోర్డులోకి నీరు దిగి, రెండు మెషీన్లు ఆగాయి. ఊడ్చేవాడొక శాఖ, పైపు వేసేవాడొక శాఖ, కరెంటు వాడొక ఏజెన్సీ, లిఫ్టు వాడు హైదరాబాద్‌లో. గోడకు మాత్రం ఈ విభజన తెలియదు, అది అన్ని శాఖల తరఫునా కారుతుంది.

ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం కథ మీకు నాకంటే బాగా తెలుసు. 2020 జులైలో వర్షం నీళ్లు వార్డుల్లోకి వచ్చి రోగుల మంచాల కింద నిలిచాయి. ఆ నెలలోనే భవనాన్ని ఖాళీ చేయించి మూసేశారు. నిజాం కాలంలో, మూసీ ఒడ్డున, గుమ్మటాలతో కట్టిన భవనం అది. ఒక్క వానకు దానికి ఆ గతి పట్టలేదు. ఏళ్ల తరబడి పూడిన కాలువలూ, రాలిన డంగుసున్నమూ, గోడల్లో మొలిచిన రావి మొక్కలూ కలిసి ఆ రోజు బిల్లు చేతిలో పెట్టాయి. 2025 జనవరి 31న గోషామహల్‌లో రెండు వేల పడకల కొత్త ఆస్పత్రికి ముఖ్యమంత్రి గారు శంకుస్థాపన చేశారు. సంతోషం. శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది. కాలువ పూడిక తీసినవాడికి ఫలకం వేయరు, అందుకే కాలువలు పూడుతుంటాయి.

వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రికి 2021లో పునాది పడింది. అంత ఎత్తు ఆస్పత్రి గోడల మీద నిలబడదు, లిఫ్టులూ పంపులూ జనరేటర్లూ మంటలార్పే పైపులూ నిలబెడతాయి. పదిహేనో అంతస్తులో నీళ్లు రాకపోతే అది ఎంత పెద్ద కట్టడమైనా ఆస్పత్రి కాదు. ఇప్పటిదాకా రెండంతస్తుల ఆస్పత్రులకు రాసుకున్న చీపురు టెండరునే, మనుషుల సంఖ్య పెంచి దానికి తొడుగుతారేమోనని నా భయం. మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆస్పత్రిలో 2021 జనవరి 9 తెల్లవారుజామున మంటల్లో పది మంది పసికందులు పోయారు. అది చాలా మామూలు ఎత్తు భవనం.

చట్టం ఏమంటుందో కూడా చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో కాంట్రాక్టు కార్మిక చట్టానికి సవరణ తెచ్చారు. సంస్థ ప్రధాన పనుల్లో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టరాదని, అయితే ఊడవడం, శుభ్రం చేయడం, కాపలా ప్రధాన పనుల కిందికి రావని అందులో రాశారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన కేంద్ర కార్మిక కోడ్‌లోనూ ఆ మాట అలాగే ఉంది. బ్యాంకులో ఊడవడం ప్రధాన పని కాదంటే ఒప్పుకుంటాను. ఆపరేషన్ థియేటరు నేల తుడవడం ఆస్పత్రికి ప్రధాన పని కాదా? సర్జన్ చేతులు కడుక్కోవడం వైద్యమైతే, థియేటర్ కడగడం కూడా వైద్యమే.

అదే చట్టం ఇంకో మాట కూడా చెప్పింది. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. 1970 చట్టంలో ఇది 21వ సెక్షను, కొత్త కోడ్‌లోనూ పోలేదు. అసలు యజమాని అంటే ఇక్కడ మీరే సార్, మీ తరఫున సూపరింటెండెంట్ గారు. నా సర్వీసులో ఈ సెక్షను వాడిన ఫైలు ఒక్కటీ చూడలేదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు వేయించాలి. ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించాలి. ఆ బాధ్యత ఆస్పత్రిదని నిబంధనలో స్పష్టంగా ఉంది. టీకాలన్నీ ఉన్న ఆస్పత్రిలో, టీకా లేకుండా సూదులు ఏరే ఆడవాళ్లను రోజూ చూశాను. “మన స్టాఫ్ కాదు కదా” అనేవాళ్లు. నేనూ అన్నాను. కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ల తరబడి ఊడ్చిన, తోటపని చేసిన వాళ్ల కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, అవుట్‌సోర్సింగ్‌ను ప్రభుత్వ సంస్థలు అడ్డుపెట్టుకోవడాన్ని తప్పుపట్టింది. ‘మన స్టాఫ్ కాదు’ అన్న మాటకు ఇక ఎన్నాళ్లు చెల్లుబాటు ఉంటుందో చూడాలి.

పక్క రాష్ట్రంలో 2020లో ఏజెన్సీలను పక్కకు నెట్టి, ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ ద్వారా అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులకు జీతాలివ్వడం మొదలుపెట్టారు. కమీషన్ల బెడద తప్పించడానికి అది ఒక మార్గం. అయితే మనిషికి జీతం సమయానికి అందడం ఒకటి, పదిహేనో అంతస్తులో పంపు నడవడం ఇంకొకటి. రెండో దానికి నేర్పున్న ఏజెన్సీ కావాలి, దానికి తగిన లాభమూ ఇవ్వాలి. కాంట్రాక్టులు వద్దని నేననడం లేదు. ఏం కొంటున్నామో తెలిసి కొనమంటున్నాను.

నేనడిగేవి గొంతెమ్మ కోర్కెలు కావు. జీతాల డబ్బు వేరు, కాంట్రాక్టరు ఫీజు వేరు చేయండి. జీతాల పద్దు ట్రెజరీలో ఆగకుండా గ్రీన్ చానల్‌లో నేరుగా కార్మికుల ఖాతాలకు వెళ్లాలి. ఫీజు మర్యాదగా, బతికేటంత ఇవ్వండి, ఆ ఫీజు మీదే పెనాల్టీలన్నీ వేయండి. అప్పుడు కాంట్రాక్టరుకు పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, నా తర్వాతి గుమాస్తా కోత రాస్తే అది ఆయమ్మ దాంట్లకెళ్లి పోదు. గోడ కంత, పైపు, మ్యాన్‌హోలు మూతలాంటి చిన్న రిపేర్లను ఊడ్చే కాంట్రాక్టులోనే చేర్చండి. లేదంటే సూపరింటెండెంట్ చేతిలో ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకునే కొంత డబ్బు పెట్టండి. ప్రతి వార్డు గుమ్మం దగ్గర, ఈ షిఫ్టులో ఇక్కడ ఎంతమంది ఉండాలో తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు రాయించండి. రోగి తాలూకు మనిషి కూడా లెక్కపెట్టగలడు.

ఆస్పత్రుల శుభ్రతకు మార్కులేసే కాయకల్ప తనిఖీ వారం మా ఆస్పత్రిలో ఫినాయిలు వాసన గేటు దాకా వచ్చేది. అంటే ఎలా చేయాలో మాకు తెలుసు. ఏడాదిలో మిగతా యాభై ఒక్క వారాలకు కారణాలుండేవి.

చివరగా ఒకటి. బిల్లు వెనక ‘సంతృప్తికరం’ అని రాయాల్సింది ఆఫీసులో కూర్చున్న గుమాస్తా కాకూడదు. ఆ వార్డులో రాత్రి డ్యూటీ చేసిన హెడ్ నర్సు రాయాలి, తన మాటల్లో, తన చేత్తో. నేను దిగిపోయే రోజు ఆ రబ్బరు స్టాంపును నా స్థానంలో వచ్చిన కుర్రాడికి చార్జి జాబితాలో వరస నంబరు వేసి అప్పగించాను. వీలైతే ఒక మెమో ఇప్పించి, రాష్ట్రంలోని అన్ని ఆస్పత్రుల సొరుగుల్లోంచీ అలాంటి స్టాంపుల్ని తీయించండి.

ఇట్లు,
బిల్లులు పాస్ చేసి రిటైరైన ఒక గుమాస్తా